నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బీబీఏ: సీటు దగ్గర్నుంచి ఇంటర్న్‌షిప్ దాకా

ఇంటర్లో ఏ గ్రూపు చదివినా బీబీఏలో (బ్యాచిలర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీలో) చేరొచ్చు. ఎంపీసీ, బైపీసీ పిల్లలు కూడా చేరుతున్నారు. సీఈసీ వాళ్లతో పోల్చుకుని భయపడాల్సిన పని లేదు, మొదటి సెమిస్టరు అయ్యేసరికి అందరూ ఒక దారికొస్తారు. సీటు తేలిగ్గానే దొరుకుతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. సీటు తేలిగ్గా దొరికింది కాబట్టి చదువు కూడా అంతేననుకుని మూడేళ్లు గడిపేసి, ఒక చిన్న కొట్టుకు నెల లెక్కలు కూడా సొంతంగా రాయలేకుండా బయటికొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

అలా కావడం అన్యాయం. ఎందుకంటే బిజినెస్ చదవడానికి ఈ రెండు జిల్లాలంత అనువైన చోటు అరుదు. రైసు మిల్లులు, రొయ్యల చెరువులు, మేత డీలర్లు, పొగాకు వేలం కేంద్రాలు, చీమకుర్తి గ్రానైట్, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లు. పుస్తకంలోని ఏ అధ్యాయం తీసుకున్నా బస్సెక్కితే గంటలో దాన్ని కళ్లారా చూడొచ్చు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు రెండు విషయాలకే ఇస్తున్నాం: లెక్కలు చేత్తో రాయడం, ఇంటర్న్‌షిప్ నిజంగా చేయడం.

చేరేముందు

బీబీఏనా, బీకామా అన్నది ముందు తేల్చుకోండి. బీకాంలో అకౌంట్లు, పన్నులు లోతుగా ఉంటాయి. బీబీఏలో వాటితో పాటు మార్కెటింగ్, సిబ్బంది నిర్వహణ, ఉత్పత్తి, వ్యాపార చట్టం కలిపి చెబుతారు. ఆడిటరు ఆఫీసులో స్థిరపడాలన్నా, సీఏ, సీఎంఏ వైపు పోవాలన్నా బీకాం మేలు. ఇంట్లో కొట్టో మిల్లో ఉండి దాన్ని పెంచాలన్నా, తర్వాత ఎంబీఏ చేయాలన్నా బీబీఏ తీసుకోండి. ఎటూ తేలకపోతే, మీరు చేరబోయే కాలేజీలో అకౌంటెన్సీ బాగా చెప్పే లెక్చరరు ఏ కోర్సుకు వస్తారో కనుక్కుని అందులో చేరండి. కోర్సు పేరుకన్నా ఆ ఒక్క మనిషే ఎక్కువ తేడా తెస్తారు.

డిగ్రీ సీట్లను రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పోర్టల్లో వెబ్ ఆప్షన్ల ద్వారా భర్తీ చేస్తారు. నెల్లూరు జిల్లా కాలేజీలు 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కిందికి, ప్రకాశం జిల్లావి ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ప్రకాశం కాలేజీలు అంతకుముందు నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అందుకని సీనియర్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలు తీసుకునేటప్పుడు పైన ఏ విశ్వవిద్యాలయం పేరుందో, ఏ సంవత్సరం సిలబస్సో చూసుకోండి. పాత సిలబస్ ప్రశ్నలు బట్టీపట్టి పరీక్షలో తెల్లబోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి ఒకసారి స్వయంగా వెళ్లి నాలుగు విషయాలు అడగండి. 2024-25 నుంచి బీబీఏ కూడా ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) పరిధిలోకి వచ్చింది, ఆ అనుమతి ఉందా? కంప్యూటర్ ల్యాబులో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పుతున్నారా, వారానికి ఎన్ని గంటలు? పోయిన బ్యాచి పిల్లలు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు? ఆ జాబితా చూపించగలరా? ఈ చివరి ప్రశ్నకు తడుముకునే కాలేజీ అయితే ఇంటర్న్‌షిప్ భారం మొత్తం మీ నెత్తిమీదే పడుతుందని ముందే లెక్క వేసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంటు కావాలంటే కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల రూపాయల లోపు ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు సచివాలయంలో ముందే తీసి పెట్టుకోండి. ఎక్కువమందికి ఆగిపోయేది పేరు దగ్గర: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్లో పొడి అక్షరం. అడ్మిషను మొదలయ్యాక దిద్దించుకోబోతే వారాలు పడుతుంది, పరీక్షలైపోయిన వెంటనే ఆ పని చూడండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా అప్పుడే అడగండి. కౌన్సెలింగ్ కాకుండా మేనేజ్‌మెంటు కోటాలోనో స్పాటులోనో చేరేవాళ్లు రీయింబర్స్‌మెంటు వర్తిస్తుందో లేదో డబ్బు కట్టకముందే కాలేజీ చేత రాయించుకోవాలి.

హాజరు సంగతి ఊరి దూరంతో ముడిపడింది. ఉదయగిరి నుంచి నెల్లూరుకు, కనిగిరి నుంచి ఒంగోలుకు రోజూ బస్సులో వచ్చిపోతే రెండో నెలకే మొదటి పీరియడు పోవడం మొదలవుతుంది. కాలేజీలో చేరిన వారంలోనే సంక్షేమ హాస్టలుకు దరఖాస్తు పెట్టండి.

ఇంగ్లీషు మీడియం భయం

పాఠాలూ పరీక్షలూ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మీడియం పిల్లలు ఇక్కడే జారిపోతారు, కానీ అకౌంట్స్‌లో ఇంగ్లీషు చాలా తక్కువ. మొదటి సెమిస్టరుకు రెండు వందల మాటలు వస్తే చాలు. ఒక నోటుబుక్కులో పేజీని మూడు వరసలు చేయండి: ఇంగ్లీషు మాట, తెలుగు మాట, కొట్లో వాడే మాట. లెడ్జరు అంటే ఆవర్జా. ట్రయల్ బ్యాలెన్స్ అంటే అంకణా. డిప్రిసియేషన్ అంటే తరుగుదల. బ్యాలెన్స్ షీట్ అంటే ఆస్తి అప్పుల పట్టిక. రోజుకు ఐదు మాటలు రాస్తే నలభై రోజుల్లో అయిపోతుంది. మీ నాన్నగారో తాతగారో కొట్లో చిట్టా (రోజువారీ జమాఖర్చుల పుస్తకం) రాసిన మనిషైతే మూడో వరస ఆయన్నే అడిగి నింపండి.

లెక్కలు: డెబిట్, క్రెడిట్ ఎక్కడ తిరగబడతాయి

‘క్రెడిట్ అంటే జమ, డెబిట్ అంటే ఖర్చు’ అని ఒక ముక్క ఎవరో చెబుతారు. అది పట్టుకుని, డబ్బు వచ్చింది కాబట్టి నగదు ఖాతాకు క్రెడిట్ అని రాసేస్తారు. మొదటి సెమిస్టరులో పోయే మార్కుల్లో సగం ఇక్కడే పోతాయి. తప్పు ఎక్కడుందో అర్థమైతే మళ్లీ జీవితంలో చేయరు.

పాత పద్ధతి చిట్టాలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. మన కొట్లో అరువుకు బియ్యం తీసుకున్న హోటలు వాళ్లు బాకీ తీర్చితే ‘హోటలు జమ 5,000’ అని రాస్తారు. హోటలు ఖాతాకు ఆ డబ్బు జమ కట్టామని దానర్థం. డబ్బు గల్లాలో పడింది, కానీ గల్లా పేరు ఎక్కడా రాయలేదు. రాయాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ చిట్టాయే గల్లా లెక్క. కాలేజీలో నేర్పే జంటపద్దు విధానం ఆ రాయని సగాన్ని కూడా రాయమంటుంది: నగదు ఖాతా డెబిట్ 5,000, హోటలు ఖాతా క్రెడిట్ 5,000. అంటే చిట్టాలోని జమ ఎదుటి ఖాతాకు క్రెడిట్. నగదుకు కాదు. ఇది గుర్తుంటే ఏ పాత చిట్టానైనా తీసుకుని జర్నలు పద్దులుగా మార్చేయొచ్చు. అంతకన్నా మంచి అభ్యాసం లేదు.

బ్యాంకు దగ్గరా ఇదే తికమక. మీరు డబ్బు వేస్తే పాస్‌బుక్కులో క్రెడిట్ అని వస్తుంది, మీ పుస్తకంలో మాత్రం బ్యాంకు ఖాతా డెబిట్. పాస్‌బుక్కు బ్యాంకు రాసుకున్న లెక్క. మీరు వేసిన డబ్బు వాళ్లకు అప్పు, మీకు ఆస్తి. ఒకే డబ్బును రెండు ఇళ్లవాళ్లు ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకున్నారు.

అంకణా, అంటే అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ నిల్వల పట్టిక, రెండు వైపులా కలవకపోతే మొదటినుంచీ కూడుకుంటూ కూర్చోకండి. తేడా ఎంతో చూడండి. తేడా 1,800 వచ్చిందనుకోండి. ముందు దాన్ని రెండుతో భాగించండి: 900. పుస్తకాల్లో 900 రూపాయల పద్దు ఎక్కడైనా డెబిట్ బదులు క్రెడిట్‌లో పడిందేమో వెతకండి, తప్పు వైపు పడిన పద్దు తేడాను రెట్టింపు చేస్తుంది. దొరకలేదా, తొమ్మిదితో భాగించండి. 1,800 తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది, కాబట్టి అంకెలు తారుమారై ఉండొచ్చు. 3,100ని 1,300 అని ఎత్తి రాసినా సరిగ్గా 1,800 తేడా వస్తుంది. ఇవి రెండూ కాకపోతే, 1,800 మొత్తమున్న పద్దేదైనా ఒకవైపు ఎక్కకుండా పోయిందేమో చూడాలి.

అయితే అంకణా కలిసినంత మాత్రాన పుస్తకాలు సరైనవని కాదు. మొత్తం పద్దే రాయడం మర్చిపోయినా కలుస్తుంది. మిల్లుకు కొన్న మోటారును మరమ్మతు ఖర్చులో వేసినా కలుస్తుంది, లాభం మాత్రం తప్పుతుంది. వైవాలో (మౌఖిక పరీక్షలో) ఈ ప్రశ్న తరచూ అడుగుతారు.

చేత్తో రాయడం వచ్చాకే ట్యాలీ. ముందే ట్యాలీ పట్టుకుంటే మీటలు గుర్తుంటాయి, లెక్క గుర్తుండదు. ట్యాలీప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. అందులో నెలకు 1, 2, 31 తేదీలకు మాత్రమే వోచర్లు ఎక్కుతాయి, 15వ తేదీ పద్దు తీసుకోవడం లేదని సిస్టం పాడైందనుకోకండి. అభ్యాసానికి ఆ మూడు తేదీలు చాలు. మీటలు ఇవి: ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్7 జర్నలు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. బ్యాంకులో నగదు వేసినా తీసినా కాంట్రానే. దాన్ని చెల్లింపుగా ఎక్కించడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

ఖర్చు లెక్క: కారం దోశ బండి

బ్రేక్ ఈవెన్ (లాభమూ నష్టమూ లేకుండా సరిపోయే అమ్మకం) అనే పాఠాన్ని సూత్రంగా బట్టీపట్టకుండా, మీ వీధి చివర టిఫిను బండికి కట్టి చూడండి. అంకెలు ఉదాహరణకు ఇస్తున్నాం, మీ ఊరి అంకెలు మీరు పెట్టుకోండి. దోశ 40 రూపాయలు. పిండి, నెయ్యి, కారం, చట్నీ, గ్యాసు, ఆకు కలిపి ఒక్కో దోశకు 24. దోశకు మిగిలేది 16. చోటు అద్దె నెలకు 6,000, సహాయం చేసే మనిషికి 12,000, బండి, పెనం, స్టవ్వుల తరుగుదల 1,500, కరెంటు 500. మొత్తం స్థిర ఖర్చు 20,000. దాన్ని 16తో భాగిస్తే 1,250 దోశలు. నెలకు 25 రోజులు బండి పెడితే రోజుకు 50.

ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఇప్పుడు తెల్లవారుజామున లేచి పిండి కలిపి పెనం ముందు నిలబడే యజమాని కూలి వేయండి. ఆయన ఇంకోచోట పనిచేస్తే 15,000 వస్తుందనుకుంటే స్థిర ఖర్చు 35,000, దోశలు 2,188, రోజుకు 88. తర్వాత నెయ్యి పెరిగి దోశ ఖర్చు రెండు రూపాయలు ఎక్కువైందనుకోండి. మిగిలేది 14, కావలసినవి 2,500, రోజుకు సరిగ్గా 100. రెండు రూపాయలకు పన్నెండు దోశల తేడా. చిన్న వ్యాపారాలు ‘బాగానే నడుస్తోంది’ అనుకుంటూనే ఎందుకు మూతపడతాయో ఈ మూడు లెక్కల్లోనే కనబడుతుంది. గ్యాసును స్థిర ఖర్చులో వేయడం, సొంత కూలి వదిలేయడం, ఈ రెండు తప్పులు చూసుకోండి.

రైసు మిల్లు లెక్కలో ఇబ్బంది కొలతలతో వస్తుంది. నెల్లూరులో రైతు పుట్టి లెక్క చెబుతాడు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం క్వింటాలు లెక్క చెబుతుంది. 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు, అంటే పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు. రిపోర్టులో ఒకచోట పుట్టి, ఇంకోచోట బస్తా, మరోచోట క్వింటాలు రాస్తే లెక్క తప్పకుండా తప్పుతుంది. నోటుబుక్కులో రైతు చెప్పినట్టే రాసుకుని, పట్టికలో మాత్రం అన్నీ క్వింటాళ్లకు మార్చండి.

ప్రభుత్వ లెక్కలో నూరు క్వింటాళ్ల ధాన్యానికి పచ్చి బియ్యం 67 క్వింటాళ్లు రావాలి. నూరు క్వింటాళ్లు 2,38,900కు కొని 67తో భాగించి, బియ్యం ధర క్వింటాలుకు 3,566 అని తేల్చేస్తారు పిల్లలు. మిగిలిన 33లో ఉన్న తవుడు నూనె మిల్లులకు అమ్ముడుపోతుంది, ఊక బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతుంది. ఆ వచ్చిన డబ్బు ధాన్యం ఖర్చులోంచి తీసేసి, మరాడించిన ఖర్చు కలిపి, అప్పుడు భాగించాలి. ఉపఉత్పత్తుల పాఠం మొత్తం ఇంతే.

సగటు కట్టడంలో పొగాకు మంచి పాఠం. ఒక రైతు మూడు బేళ్లు వేలానికి పెట్టాడనుకుందాం: 140 కిలోలు కిలో 280కి, 120 కిలోలు 240కి, 60 కిలోలు 160కి పోయాయి. మూడు ధరలు కూడి మూడుతో భాగిస్తే 226.67. అది తప్పు. మొత్తం డబ్బు 77,600, మొత్తం బరువు 320, సగటు 242.50. బరువును లెక్కలోకి తీసుకోని సగటుతో సర్వే రిపోర్టు రాస్తే, వైవాలో మొదటి ప్రశ్నకే అది కూలిపోతుంది.

రొయ్యల్లో రెండు మాటలు ముందే నేర్చుకుని వెళ్లండి. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 100 కౌంటు చిన్నది, 30 కౌంటు పెద్దది, అంటే అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. గ్రాఫు తిరగబడినట్టు కనిపించినా అది సరైనదే. రెండోది మేత నిష్పత్తి: 4,000 కిలోల రొయ్యలకు 5,600 కిలోల మేత పడితే 1.4. అది 1.6కు పోతే అదే పంటకు 800 కిలోల మేత అదనం. మేత కిలో 90 రూపాయలనుకుంటే 72,000 రూపాయలు. మేత డీలరు దగ్గర అరువుకు తెచ్చినదైతే దాని మీద వడ్డీ వేరే.

జీఎస్టీ: పరీక్షకూ పనికీ రెండింటికీ

సిలబస్‌లో ఒక యూనిట్టే ఉన్నా, ఈ జిల్లాల్లో డిగ్రీ పిల్లలకు ముందుగా దొరికే పని ఇదే. మన రాష్ట్రంలో సరుకు వ్యాపారానికి ఏడాది టర్నోవరు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషను తప్పనిసరి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు మరుసటి నెల 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే మొత్తం లెక్క) గడువు 20. మధ్యలో 14వ తేదీకి జీఎస్టీఆర్-2బీ తయారవుతుంది. మీకు సరుకమ్మినవాళ్లు తమ రిటర్నులో చూపించిన బిల్లులే అందులో ఉంటాయి. కొనుగోలు రిజిస్టరును దానితో సరిచూసి, రాని బిల్లుల జాబితా కట్టడం ఆడిటరు ఆఫీసులో కొత్తవాళ్లకు ఇచ్చే పని. ఎక్సెల్లో రెండు జాబితాలను బిల్లు నంబరుతో సరిపోల్చడం ఇప్పుడే నేర్చుకోండి. ఒక జాబితాలో ‘045’ అనీ ఇంకోదాంట్లో ‘45’ అనీ ఉంటే అవి కలవవు, ముందు రెండింటినీ ఒకే రూపానికి తేవాలి.

మన సరిహద్దు తమిళనాడుకు దగ్గర కాబట్టి పన్ను రకం జాగ్రత్తగా చూడాలి. 18 శాతం పన్నున్న 10,000 రూపాయల సరుకు ఒంగోలు కొట్టుకు అమ్మితే కేంద్రానికి 900, రాష్ట్రానికి 900. అదే సరుకు చెన్నై కొట్టుకు పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకంపై పన్ను) 1,800. కొనేవాళ్ల జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు చూస్తే రాష్ట్రం తెలుస్తుంది: ఆంధ్ర 37, తెలంగాణ 36, తమిళనాడు 33, కర్ణాటక 29. ఆ తర్వాతి పది అక్షరాలు వాళ్ల పాన్. సరుకు విలువ 50,000 దాటి బండెక్కితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్లో తీసే రవాణా పత్రం) కావాలి.

చట్టం వ్యాపారాన్ని ఎలా మారుస్తుందో చూడాలంటే బియ్యం బస్తా చాలు. 2022 జూలై నుంచి ప్యాక్ చేసి లేబులు వేసిన 25 కిలోల వరకు బియ్యం ప్యాకెట్లకు 5 శాతం పన్ను ఉంది. అప్పట్నుంచే మార్కెట్లో 26 కిలోల బస్తాలు కనబడుతున్నాయి. మార్కెటింగ్ అసైన్‌మెంటుకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

సర్వే, ఇంటర్న్‌షిప్

మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (ఊళ్లో చేసే సర్వే) 180 గంటలు. రెండో ఏడాది తర్వాత స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపైన ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. ఈ కాలాన్ని సెలవుల కింద జమకట్టి, ఎక్కడో డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు డిగ్రీ మార్కులు చూడరు, ‘అక్కడ ఏం చేశావు’ అనే అడుగుతారు. చేయని పని గురించి మూడో ప్రశ్నకు జవాబు ఉండదు.

సర్వేకు ఒక్క వాడ, ఒక్క ప్రశ్న తీసుకోండి. ‘గ్రామీణాభివృద్ధి’ అని పెట్టుకుంటే ఏమీ తేలదు. ‘మా ఊరి కిరాణా కొట్లలో అరువు ఎన్ని రోజులకు వసూలవుతోంది’ అంటే తేలుతుంది. ఆదాయం ఎంతని సూటిగా అడిగితే ఎవరూ నిజం చెప్పరు, రేషను కార్డు ఎక్కడ పోతుందోనని భయం. బియ్యానికి, పాలకు, పిల్లల చదువుకు, వడ్డీకి నెలకు ఎంత పోతోందో విడివిడిగా అడగండి, ఆదాయం దానంతటదే దగ్గరదగ్గరగా తేలుతుంది. ప్రశ్నలు పన్నెండు దాటొద్దు. ముందు ఐదిళ్లలో అడిగి చూసి, అర్థం కాని ప్రశ్నలు మార్చి, తర్వాత మిగతా ఇళ్లకు వెళ్లండి.

ఇంటర్న్‌షిప్‌కు చోటు వెతకడం రెండు నెలల ముందే మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది ఆడిటరు ఆఫీసు లేదా జీఎస్టీ పనిచేసే అకౌంటెంటు. ఒక్కచోట కూర్చుని ముప్పై రకాల వ్యాపారాల పుస్తకాలు చూస్తారు. తర్వాత రైసు మిల్లు, మేత డీలరు, హోల్‌సేల్ మందుల కొట్టు, ఆస్పత్రి బిల్లింగు. పెద్ద కంపెనీ పేరుకోసం వెళ్లి గేటు దగ్గర రిజిస్టరు రాసి రావడంకన్నా ఇవి ఎంతో మేలు.

కాలం కూడా కలిసిరావాలి. వ్యాపారంలో ప్రతిదానికీ ఒక అదను ఉంటుంది. నెల్లూరులో పెద్ద పంట మార్చి, ఏప్రిల్లో మిల్లులకు చేరుతుంది, మే నెలలో స్టాకు, చెల్లింపుల పని దండిగా ఉంటుంది. పొగాకు వేలాలు ఎండాకాలమంతా నడుస్తాయి. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి కేంద్రాల్లో అనుమతి అడిగి ఒక పూట నిలబడితే ధర ఎలా తేలుతుందో చూడొచ్చు.

అడగడానికి వెళ్లేటప్పుడు ప్రిన్సిపాల్ లేఖ రెండు కాపీలు పట్టుకెళ్లండి, ఒకటి వాళ్లకు, ఒకటి వాళ్ల ముద్రతో మీకు. కొట్టు తెరిచే వేళా సాయంత్రం బేరాల వేళా కాకుండా, పదకొండు, పన్నెండు మధ్య వెళ్లండి. యజమాని కన్నా ముందు గుమాస్తాగారిని కలవండి, మిమ్మల్ని భరించాల్సింది ఆయనే. ‘అయ్యా, ఏదైనా నేర్పించండి’ అంటే పని దొరకదు. ‘కొనుగోలు బిల్లులు ట్యాలీలో ఎక్కించడం వచ్చు, స్టాకు రిజిస్టరు రాయగలను, జీతం అక్కర్లేదు’ అంటే ఆలోచిస్తారు. మొదటి చోట కాదంటే నొచ్చుకోకండి, ఐదారు చోట్ల తిరిగితే ఒకటి దొరుకుతుంది.

మిల్లులో చేరితే మొదటి వారం కాటా దగ్గర, తేమ మీటరు దగ్గర నిలబడండి. మద్దతు ధర కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు, బేరమంతా అక్కడే తేలుతుంది. రెండో వారం నుంచి స్టాకు రిజిస్టరు, ఆ తర్వాత బిల్లులు, చివర్లో చెల్లింపులు, వసూళ్లు. సరుకు నడిచిన దారినే కాగితమూ నడుస్తుంది, ఆ వరసలో నేర్చుకుంటే దేనికోసం ఏ కాగితమో తెలుస్తుంది.

లాగ్‌బుక్ ఏరోజుకారోజు రాసి, వారం చివర అక్కడి పెద్దమనిషి సంతకం తీసుకోండి. చివరి రోజు ఒక్కసారే రాసిన లాగ్‌బుక్ ఒకే సిరా, ఒకే దస్తూరీతో ఇట్టే తెలిసిపోతుంది. ‘అకౌంట్లు గమనించాను’ అని రాయొద్దు. ‘42 కొనుగోలు బిల్లులు ఎక్కించాను, మూడింటిలో పన్ను రకం తప్పు, గుమాస్తాగారు దిద్దించారు’ అని రాయండి. పార్టీల పేర్లు, అసలు అంకెలు రిపోర్టులో పెట్టకండి. అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో హెచ్చించి మార్చితే నిష్పత్తులు చెడవు, వాళ్ల గుట్టూ బయటపడదు. అడగకుండా పుస్తకాల ఫొటో తీయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఒక్కరు చేసిన ఆ పనికి వచ్చే ఏడాది బ్యాచి మొత్తానికి తలుపు మూసుకుంటుంది.

పరీక్షలు, ఆ తర్వాత

సబ్జెక్టులు మిగిలిపోయేది ఎక్కువగా అకౌంట్స్, స్టాటిస్టిక్స్‌లోనే. రెండూ చదివితే వచ్చేవి కావు, రోజుకు రెండు లెక్కల చొప్పున కాగితం మీద చేస్తేనే వస్తాయి. పరీక్షలో లెక్క కలవకపోయినా కొట్టేయకండి. పద్ధతికి మార్కులుంటాయి, కింద వర్కింగ్ నోట్సు విడిగా చూపించండి. థియరీ జవాబులో నిర్వచనం తర్వాత మీ ఊరి ఉదాహరణ ఒకటి రాస్తే, దిద్దేవాళ్లకు బట్టీ కాదని తెలుస్తుంది. లెక్చరరు లేని సబ్జెక్టుకు కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అందులోని ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) సర్టిఫికెట్ పరీక్షకు 1,000 రూపాయలు.

ఎంబీఏకు ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్: 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు జవాబుకు కోత లేదు, కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. డిగ్రీలో 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45 శాతం ఉండాలి. సొంతంగా ఏదైనా పెట్టేవాళ్లు ఉద్యం (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషను ప్రభుత్వ సైట్లో ఆధార్, పాన్‌తో తామే చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు, ఎవరైనా అడిగితే కట్టకండి.

కాలేజీ వదిలేటప్పుడు ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, టీసీ, కాండక్ట్ నాలుగూ ఒకేసారి అడిగి తీసుకోండి, పేర్ల అక్షరాలు కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. లాగ్‌బుక్, ఇంటర్న్‌షిప్ రిపోర్టు కాలేజీకి అప్పగించే ముందే ప్రతి పేజీ జిరాక్సు తీసి పెట్టుకోండి. ఒకసారి బీరువాలోకి పోతే తిరిగి చేతికి రావు, ఇంటర్వ్యూలో బల్ల మీద పెట్టాల్సింది అవే.